విశాల్ మాగ్ ఎక్కాడు

ఆ గురువారం పొద్దున యశోద పెట్టుకున్న పని చాలా చిన్నది. పల్లీలు వేయించి, పొట్టు ఊది, వెల్లుల్లి, ఎండుకారం వేసి శేంగా చట్నీ దంచాలి. జొన్నరొట్టెలను పెనం మీదే అప్పడాల్లా ఎండనిచ్చి కడక్ భాకరీ చెయ్యాలి. ఎన్నాళ్ళున్నా పాడవని ఆ రెండింటినీ మూటగట్టి, టవళ్ళ లోడుతో పుణెకు పోయే రామచంద్రం సేటు బండిలో మరిది విశాల్‌కు పంపాలి. ఆ తరువాత చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలకు కూర్చోవాలి. ఇందులో తలకిందులు కావడానికి ఏమీ లేదు.

అయినా యశోద గుండె కుదురుగా లేదు. కూతురు ఋతుజ తుమ్మితే ఆమెకు బెంగ, రెండురోజులు తుమ్మకపోతే ముక్కేమైనా మూసుకుపోయిందేమోనని బెంగ. ఇప్పుడా బెంగంతా విశాల్ మీదికి మళ్ళింది. పుణెలో ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్న ఆ పిల్లవాడు గణపతి పండుగకు వచ్చినప్పుడు, చొక్కా వాడి ఒంటి మీద ఉన్నట్టు లేదు, దండెం మీద ఆరేసినట్టు ఉంది. ఏం తింటున్నావని అడిగితే అన్నీ తింటున్నానన్నాడు. అన్నీ తింటున్నాననేవాడు ఏదీ తినడం లేదని యశోద నమ్మకం. అందుకని పల్లీలు పొయ్యి మీద పోసి, ఫోనులో మాట పంపింది: రోజు ఎట్లా గడుస్తోంది, కడుపు నిండుతోందా, ఈసారైనా నిజం చెప్పమని.

ఆ ఫోను కిందటి వారం ఋతుజ చేతిలోంచి జారి, బీడీ ఆకు నానబెట్టిన తొట్టిలో పడింది. ఎండలో పెడితే ప్రాణమైతే వచ్చింది కాని గొంతు పోయింది. ఎవరు మాట్లాడినా గుడ్డ చింపుతున్నట్టు పరపరమంటుంది. దానికి తోడు గోడకు ఆ పక్కనే పవర్‌లూమ్ షెడ్డు. సోలాపూర్‌లో అశోక్ చౌక్ దగ్గరి ఆ సందుల్లో కాపురముండేవాళ్ళు గుసగుసలు కూడా అరిచే చెప్పుకుంటారు.

జవాబు వచ్చేసరికి మామ ఎల్లయ్య గడప దగ్గర కూర్చుని చాయ్ తాగుతున్నాడు. బతుకంతా మగ్గం ముందు గడిపి, చెవులు సగం అక్కడే వదిలేసి వచ్చిన మనిషి. ఆ ఇంట్లో మగ్గాన్ని మగ్గమనడం ఎప్పుడో మానేశారు. చుట్టూ ఉన్న మరాఠీ వాళ్ళలాగే వీళ్ళూ 'మాగ్' అంటారు. లేస్తే మాగ్, పడుకుంటే మాగ్. యశోద ఫోను నొక్కింది. పరపరల మధ్య విశాల్ గొంతు ఇలా వినబడింది:

"వదినె... స్... బందయింది. మొత్తం మాగ్... మీదనే బతుకుతున్నం. ఈ వారం రాత్రి పాళీ నాది. హరీశ్ అయితె ఒక్కడే నాలుగు లాగిస్తడు. బాపుకు చెప్పకు, తిడ్తడు."

బాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

యశోద మళ్ళీ నొక్కింది. 'మాగ్' తోకకు ఏదో చిన్న కూత ఉన్నట్టు తోచింది కాని, ఆ ఫోనులో ప్రతి మాట తోకకూ ఒక కూత ఉంది. మూడోసారి నొక్కబోతే ఎల్లయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. వినబడిందన్నాడు. క్లాస్ బందయిందట, మాగ్ ఎక్కాడట, రాత్రి పాళీ చేస్తున్నాడట. పాళీ అంటే షిఫ్టు. నాలుగు లాగించడమంటే ఒక్క మనిషి నాలుగు మగ్గాలు చూసుకోవడం. ఆ వీధిలో ఈ మాటలకు ఇంకో అర్థం లేదు.

యశోద పొయ్యి మీది పల్లీల సంగతే మరిచిపోయింది. ఎందుకంటే విశాల్ కాలేజీ ఆమె ఇచ్చిన మాట మీద నిలబడి ఉంది. ఆమె భర్త వినాయక్ పదో తరగతి కాగానే మాగ్ ఎక్కాడు, చిన్నవాడినీ అలాగే ఎక్కిద్దామనుకున్నాడు ఎల్లయ్య. అడ్డం పడింది యశోదే. ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లికి జబ్బు చేసింది, పిల్లను బడి మాన్పించి కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. పాఠాల పుస్తకం సగం దాకా చదివింది, మిగతా సగంలో ఏముందో ఈనాటికీ తెలియదు. కొత్తకోడలై ఉండి కూడా మామ ముందు నిలబడి, విశాల్‌ను చదవనివ్వండి, వాడు మాగ్ మొహం చూడకుండా నేను చూసుకుంటాను అంది. ఎల్లయ్య ఆ రోజు సరేనని తల ఊపాడు. ఇప్పుడూ కోపంగా అనలేదు.

"నీ మాట విన్న బిడ్డా. మాగే నడిపేదుంటె పుణె ఎందుకు, ఈడ లేదా? పోయి తోల్కొస్త. రేపటిసంది ఇంట్లనే ఉంటడు."

కోపంగా అని ఉంటే ఏడ్చి ఊరుకునేది. మెల్లగా అన్నాడు కనుక ఏం చెయ్యాలో తెలియలేదు. విశాల్‌కు ఫోను చేసింది. అది రెండుసార్లు పరపరమని, ఆ పరపర కూడా మానేసింది. ఇక రాయడమే మిగిలింది. బడిలో నేర్చిన మరాఠీ అక్షరాల్లో, తడబడే వేళ్ళతో రాసింది: మాగ్ బంద్ చెయ్, వెంటనే.

జవాబు చప్పున వచ్చింది. 'అది బంద్ చేస్తె ఎట్ల బతకాలె వదినె. మా రూమంత దాని మీదనే ఉంది. రెండు నిమిషాల పని. మావ్‌శి ఊరి నుంచి వచ్చేదాకనే.' మళ్ళీ రాస్తే వెళ్ళలేదు. విశాల్ ఫోను ఆగిపోయింది. డ్యూటీ ఎక్కి ఉంటాడని ఎల్లయ్య అన్నాడు.

యశోద ఆ నాలుగు ముక్కలను అటూ ఇటూ తిప్పి చదివింది. రెండు నిమిషాల్లో ఏ మాగ్ పని అవుతుంది? నూలు చుట్టిన బీము ఎక్కించి పోగులు అతకడానికే పూట పడుతుంది. ఎల్లయ్య, ఈ మధ్య కొత్త మిషన్లు దిగాయి, గుండీ నొక్కితే టవల్ బయటికి పడుతుందట అన్నాడు. మరి మావ్‌శి ఎవరు? మావ్‌శి అంటే పినతల్లి. యశోదకు తెలిసి విశాల్‌కు పుణెలో పినతల్లులు లేరు. షెడ్డు యజమానురాలు అయి ఉంటుందని ఎల్లయ్య తేల్చాడు. ఎవరో ఒక ఆడమనిషి షెడ్డు పెట్టి, చదువుకునే పోరగాండ్లను రాత్రి పాళీకి తోలి, తాను హాయిగా ఊరెళ్ళింది. యశోదకు ఆ మావ్‌శి కళ్ళ ముందు కనబడింది కూడా. లావుపాటిది, ముక్కుకు ఇంత నత్తు. పల్లీలు మాడిపోయాయి.

మాడు వాసనకు పక్కింటి చంద్రభాగ వచ్చింది. ఇద్దరూ రోజూ కలిసి బీడీలు చుట్టేవాళ్ళే. యశోద కళ్ళు తుడుచుకుంటూ ఉన్నదున్నట్టు చెప్పింది, ఎవరికీ చెప్పవద్దని కూడా చెప్పింది. చంద్రభాగ ఎవరికీ చెప్పలేదు, బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్ళినప్పుడు అక్కడున్న ఆడవాళ్ళకు మాత్రమే చెప్పింది. వార్త జోడ్‌భావి పేట్ దాకా నడిచి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు ఎల్లయ్య కొడుకు పుణెలో మాగ్ నడుపుతున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఎల్లయ్య కొడుకు, దోస్తులు కలిసి షెడ్డే పెట్టారు. మిషన్లు ఫారిన్‌వి, రెండు నిమిషాలకొక టవల్. చూసుకోవడానికి ఒక మరాఠీ మేనేజరమ్మను కూడా పెట్టుకున్నారు. ఇంత పెద్ద సంగతి దాచిపెట్టి మాడిన పల్లీల ముందు ఏడుస్తున్నట్టు నటించిందని చంద్రభాగే తిరిగి వచ్చి యశోదతో అలిగింది.

ఆమె అలక తీరకముందే రామచంద్రం సేటు దిగాడు. గోడ అవతలి షెడ్డు ఆయనదే. కుర్రవాళ్ళెవరూ మాగ్ పనికి రావడం లేదు, సగం మగ్గాలకు బూజు పట్టింది. పెళ్ళిళ్ళకు పోయినా భోజనం మీద కన్నా పడుచువాళ్ళ చేతుల మీదే ఆయన చూపు ఉంటుంది.

"ఎల్లయ్యా, నీ కొడుకు ఒక్కడే నాలుగు నడుపుతున్నడట."

"నా కొడుకు కాదు సేటు. వాని దోస్తు, హరీశ్ అని."

"అయితె కొడుకును నువ్వు తెచ్చుకో. ఆ దోస్తును నాకియ్యి."

పుణెకు పోయే బండి ఎలాగూ సిద్ధంగా ఉంది. రామచంద్రం డ్రైవరు పక్కన ఎక్కాడు, ఆయన పక్కన ఎల్లయ్య. ఇద్దరూ వెళ్తే విశాల్ పుస్తకాలతో సహా దిగుతాడని యశోదకు అర్థమైంది. మధ్యన నిలబడడానికి తానైనా ఉండాలి. షెడ్డులోకి పరుగెత్తి, మాగ్‌ల మోతలో వినాయక్ చెవి దగ్గర నోరు పెట్టి సంగతంతా అరిచింది. ఆయనా ఏదో అరిచాడు. ఆమెకు 'పో' అని వినబడింది. 'పోకు' అన్నానని ఆయన మరునాడు చెప్పాడు. మాడకుండా మిగిలిన పల్లీలతో దంచిన చట్నీ, భాకరీల మూట, ఋతుజ, తాను, అందరూ టవళ్ళ మూటల మధ్య ఇరుక్కున్నారు.

దారి పొడుగునా యశోద ఏం మాట్లాడాలో కూడబలుక్కుంది. తప్పు పిల్లవాడిది కాదు, మావ్‌శిది అనాలి. ఆకలికి ఎక్కాడు, దించుదాం, చదువు మాత్రం మాన్పించకండి అనాలి. ఇందాపూర్ దాటేసరికి ఇంకో అనుమానం వచ్చింది: క్లాసే బందయితే వాడు తిరిగి ఏ క్లాసుకు పోతాడు? అక్కడి నుంచి పుణె దాకా కూడబలుక్కున్నదంతా మళ్ళీ మొదటి నుంచి కూడబలుక్కుంది.

సాయంత్రానికి గది దొరికింది. మూడో అంతస్తు, చెప్పులన్నీ గుమ్మంలో కుప్ప. తలుపు తీసిన కుర్రవాడు దెగ్లూర్ వైపు వాడు, తెలుగులో సగం మరాఠీ కలిపి మాట్లాడతాడు. తానే హరీశ్‌నని, విశాల్ బయటికి పోయాడని, వచ్చేస్తాడని చెప్పాడు. ఎల్లయ్య గది నాలుగు మూలలూ చూశాడు. మంచాలు, పుస్తకాలు, తాళ్ళ మీద బనీన్లు. మోత లేదు.

"ఈడ మాగ్ ఉన్నదంట గదా" అన్నాడు.

దూరం నుంచి వచ్చినవాళ్ళకు ఆకలి ఉండడం న్యాయమేననుకున్నాడు హరీశ్. "ఉంది కాకా. లోపట ఉంది. ఎన్ని కావాలె?"

"ముందుగాల ఒకటి చూస్తం" అన్నాడు రామచంద్రం.

"ఇంతమందికి ఒకటి ఏం సరిపోతది కాకా?"

రామచంద్రం ఎల్లయ్య వైపు చూశాడు. మాటతీరు పెద్ద యజమానిలా ఉంది. "నాలుగు లాగించేది నువ్వేనా?" అని అడిగాడు.

హరీశ్ సిగ్గుపడ్డాడు. విశాల్ అది కూడా చెప్పాడా అన్నాడు. నాలుగు మామూలేనని, ఆకలి మీదుంటే ఐదు కూడా అయిపోతాయని ఒప్పుకున్నాడు. రామచంద్రం వాడి చేతులు రెండూ పట్టుకుని చూశాడు. ఎక్కడ నేర్చుకున్నావని, ఎవరు నేర్పారని అడిగాడు.

"నేర్చేదేముంది కాకా. నీళ్ళు మరిగినంక వేసుడే. చిన్న పోరగాండ్లకు సుత వస్తది."

నీళ్ళ ఆవిరితో నడిచే మగ్గం ఎప్పుడో తాతల కాలంలో మిల్లుల్లో ఉండేదని ఎల్లయ్య మెల్లగా చెప్పాడు. రామచంద్రం, అవి మళ్ళీ వచ్చాయన్నమాట, నాకెవ్వరూ చెప్పనే లేదు అన్నాడు. హరీశ్ రెండు నిమిషాలు కూర్చోమని లోపలికి వెళ్ళాడు. ఆ ఇద్దరు పెద్దమనుషులూ మంచం అంచున, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు.

యశోద కూర్చోలేకపోయింది. మగ్గాన్ని ఎక్కడ దాచారో చూద్దామని హరీశ్ వెనకాలే నడిచింది. లోపల నిలబడడానికే చోటు లేని వంటిల్లు. ఒక స్టవ్వు, మూత లేని గిన్నె, ఉల్లిపాయ ఒకటి. గోడ పొడుగునా పసుపుపచ్చని పొట్లాలు నేల నుంచి ఆమె భుజం దాకా పేర్చి ఉన్నాయి. హరీశ్ పళ్ళతో నాలుగు పొట్లాలు చింపి గిన్నెలో పడేశాడు. మసాలా వాసన లేచింది. ఆ పొట్లాలను యశోద ఎరుగును. చంద్రభాగ మనవళ్ళు బడి నుంచి వచ్చి తినే రెండు నిమిషాల నూడుల్స్. కాని వాటి మీద బతుకుతున్నామని ఎవరైనా అనగలరని ఆమెకు ఎన్నడూ తట్టలేదు.

"మాగీ" అంది యశోద. మాగ్ తోకకు వినబడిన కూత అదే.

"అవు వదినె. మాగీ" అన్నాడు హరీశ్, ఇందులో అంత ఆశ్చర్యం ఏముందో అర్థం కాక.

ఆమె అక్కడే గోడకు ఆనుకుని నవ్వింది, కళ్ళ వెంట నీళ్ళు కూడా వచ్చాయి. వాటిలో ఏవి ఏడుపువో ఆమెకే తెలియలేదు. తరువాత గిన్నె పట్టుకుని వచ్చి పెద్దవాళ్ళ ముందు పెట్టి, మామా, విశాల్ ఎక్కిన మాగ్ ఇదే అంది. రామచంద్రం గిన్నెలోకి, ఆ తరువాత గిన్నె వెనకాల చూశాడు. ఎల్లయ్య ముందుకు వంగాడు. ఒక పోగును రెండు వేళ్ళతో పైకి తీసి, నూలు బలం చూసినట్టు లాగి చూశాడు. అది తెగింది.

"ఈ పోగుకు బలమే లేదు. దీని మీద ఎట్ల బతుకుతున్నర్రా?" అన్నాడు.

అప్పుడే విశాల్ వచ్చాడు. ఒంటి మీద కాలేజీ వర్క్‌షాపు ఆప్రాన్, చేతులకు నల్లటి గ్రీజు. బాపును, సేటును, వదినెను, పాపను వరసగా చూసి ఎవరు పోయారని అడిగాడు. ఎవరూ పోలేదని నమ్మించడానికి కొంతసేపు పట్టింది. సంగతి ఇదీ: బందయింది క్లాసు కాదు, మెస్సు. మావ్‌శి మెస్సు నడిపే ఆవిడ, కూతురి కాన్పుకు ఊరెళ్ళింది. ఆమె వచ్చేదాకా నలుగురు కుర్రవాళ్ళూ వంతులు వేసుకుని పొట్లాలు ఉడకేస్తున్నారు, రాత్రి వంతు విశాల్‌ది. ప్రాక్టికల్స్ ఉన్నాయని ఫోను ఆపాడు.

"మాగ్ బంద్ చెయ్ అని రాసిన గదా" అంది యశోద.

"మాగీ అనుకున్న వదినె. నువ్వెన్నడు దీర్ఘాలు సక్కగ రాసినవ్ గనుక?"

యశోదకు అది తిట్టులా వినబడలేదు. ఆ ఆప్రాన్ మీది మరకలంత ముద్దొచ్చే మరకలు ఆమె చూడలేదు. కాలేజీ ఉంది, చదువు ఉంది, ఆమె మాట ఉంది. మూట విప్పింది. మిగతా ఇద్దరు కుర్రవాళ్ళు కూడా వాసనకు వచ్చి చేరారు. నలుగురూ కడక్ భాకరీ విరిచి, నూనె వేసిన చట్నీ అద్దుకుని తింటుంటే గదంతా కరకరమని, ఎల్లయ్యకు షెడ్డులో కూర్చున్నట్టే ఉంది. ముఖం తేలికపడింది. రామచంద్రం ఒక్కడే దిగులుగా మాగీ తిన్నాడు.

నోట్లో భాకరీ ఉండగానే విశాల్, "బాపూ, ఒక మాట. తిట్టకు" అన్నాడు.

వచ్చే నెలంతా కాలేజీ వాళ్ళు పిల్లల్ని ఏదో ఒక కార్ఖానాకు పంపి మిషన్ల మీద పని చేయిస్తారట. ఎక్కడికి పోవాలో పిల్లలే చూసుకోవచ్చునట. మిగతా వాళ్ళందరూ పెద్ద పెద్ద కంపెనీల పేర్లు ఇచ్చారు. వీళ్ళు నలుగురూ మాత్రం ఎక్కడ పని బాగుంటుందో కాక ఎక్కడ కూడు బాగుంటుందో చూసి, సోలాపూర్‌లో రామచంద్రం సేటు షెడ్డు అని చెప్పేశారు. సార్ సరేనన్నారు. సేటును అడగడమే తరువాయి. నెల రోజులు మాగ్ మీదే పని, ఉండడం మన ఇంట్లోనే.

సేటు ఆ వాక్యం పూర్తి కానివ్వలేదు. ఒప్పుకున్నాడు, గిన్నె పక్కన పెట్టి మరోసారి ఒప్పుకున్నాడు. ఎల్లయ్య కోడలి వైపు చూశాడు, కోడలు మరిది వైపు చూసింది.

"వద్దంటె?" అన్నాడు ఎల్లయ్య.

"వద్దంటె పాస్ కాను బాపు. దానికి నూరు మార్కులున్నయ్."

"దేనికి?"

"మాగ్ నడిపినందుకు."

చెవులు మోసం చేశాయేమోనని ఎల్లయ్య మళ్ళీ అడిగాడు. విశాల్ మళ్ళీ అదే చెప్పాడు. ఆయన తన చేతులు రెండూ తిప్పి ఒకసారి చూసుకుని, మిగిలిన మాగీ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

యశోద మాత్రం నలుగురు కుర్రవాళ్ళను, అడుగు కనబడుతున్న మూటను, అందులోని చివరి భాకరీ మీదికి పోతున్న హరీశ్ చేతిని చూసింది. నెల రోజులు మీ అందరికీ వండేది ఎవరని అడిగింది. నలుగురూ నమలడం ఆపి ఆమె వైపు ఎంతో గౌరవంగా చూశారు. అయితే ఆ నూరులో నాకెన్ని అని అడిగింది యశోద.

వంటకు మార్కులు లేవట.